దగ్గరి ఆసుపత్రి, దూరపు ఆసుపత్రి

మా వీధి చివర నర్సింగ్ హోమ్ అంటే నాకెంతో గురి. నా రెండు కాన్పులూ అక్కడే. అయినా అత్తయ్య మూతి వంకరపోయి, కుడిచెయ్యి వాలిపోయిన రోజు మావారు "దగ్గర్లోదానికే పోదామే" అంటే వద్దన్నాను. అక్కడ సీటీ స్కాన్ లేదు. మెదడులో రక్తం గడ్డ అడ్డుపడిందా, నరం చిట్లిందా అన్నది ఆ స్కానే తేల్చాలి. గడ్డయితే కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే చెయ్యాలి. 108 రాగానే పెద్దాసుపత్రికే పోనివ్వమన్నాను. దారంతా గడియారమే చూశాను. రెండు గంటల్లోపు ఇంజెక్షన్ పడింది.

ఐసీయూ, తర్వాత వార్డు. ఇప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చి వేళ్లు వంచిస్తోంది. అదీ వైద్యమేనంటే మా ఆడపడుచు ఒప్పుకోదు, మాత్రలు చాలంటుంది! నిన్న అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీశారు, గుప్పెడు.