కంగారు పడతారని దాచిన మాట

మన ప్రవాస కుటుంబాల్లో కష్టాల కబురు ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది, అదీ రెండు వైపులా. ఊళ్ళో నాన్న చేతికి సెలైన్ సూది ఉంటుంది. వీడియో కాల్‌లో అది కనబడకుండా అమ్మ ఆయన మొహం దగ్గరగా ఫోన్ పట్టుకుంటుంది. ఇటు అమెరికాలో కొడుకు ఉద్యోగం పోయి ఉంటుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత వేరే ఉద్యోగం చూసుకోవడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. "అంతా బాగానే ఉన్నాం" అని ఇద్దరూ అంటారు. ఆ మాట వెనక ఉన్న ప్రేమను నేను శంకించను. కానీ దాపరికం అలవాటైన ఇంట్లో ప్రేమ ఉంటుంది గానీ దగ్గరితనం మిగలదని నా నమ్మకం.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెల్లా డిపాలో 1996లో సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, మామూలు మనుషుల చేత తమ అబద్ధాలను ఏ రోజుకారోజు రాయించారు. వాటిని పెద్ద తప్పులుగా వాళ్ళు అనుకోలేదు. అయినా అబద్ధం దొర్లిన సంభాషణల్లో ఆహ్లాదమూ ఆత్మీయతా తగ్గినట్టు వాళ్ళ రాతల్లోనే తేలింది. ఎందుకు తగ్గవు? ఉద్యోగం పోయిందని దాచినవాడు ఆఫీసు ఊసు రానివ్వకూడదు. ఇల్లు కొనే సంగతీ, సంక్రాంతికి రావడమూ ఎత్తకూడదు. అమ్మ అటు మళ్ళిన ప్రతిసారీ మాట మార్చాలి. చివరికి చలి ఎలా ఉంది, ఏం కూర వండారు అన్నవే మిగులుతాయి. మాటల్లో ఏదో తేడా ఉందని అమ్మకి తెలుస్తూనే ఉంటుంది, అడగడానికే జంకుతుంది.

ఇంత దూరాన ఉండి ఎవరు మాత్రం ఏం చేయగలరని అంటారు. చేయగలిగేది చాలానే ఉంది. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినవాళ్ళు ఇండియా వెళితే, మళ్ళీ ముద్ర పడితే గాని తిరిగి రాలేరు. నాన్న జబ్బు ముందే తెలిస్తే ఆ ఏర్పాట్లు చూసుకోవచ్చు. ఐసీయూ నుంచి ఫోన్ వచ్చాక ఆ వ్యవధి ఉండదు. పెద్దవాళ్ళ గుండె తట్టుకోలేదన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. ఆపరేషన్ ముందురోజు చెడ్డ కబురు చెప్పనక్కర్లేదు, కోలుకునే దాకా ఆగవచ్చు. కానీ ఆగడం వేరు, అసలు చెప్పకపోవడం వేరు. మన నాన్న దేన్ని తట్టుకోగలడో ఆయన్ని అడక్కుండానే తేల్చేయడం ఆయన్ని చిన్నపిల్లాడి కింద జమకట్టడమే.

కబురు బంధువుల్లో పాకుతుందన్న బెంగ అన్నిటికంటే గట్టిది. ఇంట్లో చెల్లికి సంబంధాలు చూస్తున్నప్పుడు అది మరీ నిజం. అప్పుడు ఆ మాట కూడా విప్పి చెప్పుకోవాలి: ఉద్యోగం పోయింది, గడువు ఇంత ఉంది, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, కుదరకపోతే వచ్చేస్తాం, ఇది బాబాయి వాళ్ళ దాకా వెళ్ళనివ్వకండి. ఇలా అడిగితే కాదనే తల్లిదండ్రులు చాలా తక్కువ.