నీల్ గ్యాప్ నడవలో బూట్ల పరీక్ష

అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ఉత్తర కొసన, చాటహూచీ జాతీయ అరణ్యంలో, సుమారు 1,360 మీటర్ల ఎత్తున్న బ్లడ్ మౌంటెన్ దిగగానే ఎదురయ్యే కనుమ పేరు నీల్ గ్యాప్. స్ప్రింగర్ మౌంటెన్ మీద మొదలై, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరంపై ముగిసే అపలాచియన్ కాలిబాటలో ఈ చోటు 50వ కిలోమీటరు దగ్గర వస్తుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో పనిలేని యువకులకు ఉపాధి కల్పించేందుకు ఏర్పడిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ ఇక్కడ ఒక రాతి కట్టడాన్ని నిర్మించింది. చెరోకీ భాషలో పెద్ద కప్ప ఉండే చోటు అని అర్థం చెప్పే వలాసీ-యీ అన్న పేరు దానికి స్థిరపడింది. కాలిబాట ఈ కట్టడాన్ని చుట్టివెళ్లక దాని నడవలోంచే సాగిపోతుంది. అందులోని మౌంటెన్ క్రాసింగ్స్ అనే దుకాణం ఉత్తరానికి నడిచేవారికి దారిపై తగిలే మొదటి అంగడి కావడంతో, ఇంటి దగ్గర బూట్ల ఎంపికలో చేసిన పొరపాటు బయటపడేదీ, దాన్ని సరిదిద్దుకునేదీ చాలామందికి ఇక్కడే.

సుదూర నడక మొదలుపెట్టేవారు ఎక్కువగా వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ కనుమకు వెళ్లిన సందర్శకుని దృష్టి ముందుగా సరుకుల మీదికి కాక, రాతి అరుగుల మీద బూట్లు విప్పి కూర్చున్నవారి పాదాల మీదికి పోతుంది. మూడు నాలుగు రోజులు నడిచి, చివరి గంటల్లో బ్లడ్ మౌంటెన్ బండరాళ్ల మీదుగా దిగివచ్చిన ఆ పాదాల్లో, మడమ మీద బొబ్బ ఉన్నవాటికీ, బొటనవేలి గోరు నల్లబడినవాటికీ కారణాలు వేరు. మడమ బూటులో పైకీ కిందికీ జారుతూ ఒరుసుకుంటే బొబ్బ లేస్తుంది. దిగుడులో పాదం ముందుకు జారి వేళ్లు బూటు కొనకు పదేపదే తగిలితే గోరు కింద నెత్తురు గడ్డకట్టి నల్లబడుతుంది. తెలుగులో రెండింటినీ చెప్పు కరిచిందనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము గాని, మొదటిది మడమ దగ్గర పట్టు చాలకపోవడం వల్ల, రెండోది వేళ్ల దగ్గర చోటు చాలకపోవడం వల్ల వచ్చేవి కాబట్టి, ఏది కరిచిందో తెలియకుండా జత మార్చడం వల్ల ప్రయోజనం ఉండదు.

పట్టు, చోటుతో పాటు బూటులో చూడవలసిన మరొకటి బరువు. దానికి అంత ప్రాధాన్యం ఎందుకన్నదానికి జవాబు నడక తీరులోనే ఉంది. వీపు మీది బరువు శరీరంతో పాటు ఇంచుమించు ఒకే వేగంతో ముందుకు పోతూ ఉంటే, పాదం మాత్రం ప్రతి అడుగులోనూ నేల మీద ఆగి, మళ్లీ లేచి, శరీరం కన్నా వేగంగా ముందుకు ఊగి, మళ్లీ ఆగుతుంది. తుంటి కీలుకు అన్నిటికన్నా దూరాన ఉన్న ఆ కొసన బరువు పెరిగితే, దాన్ని కదపడానికీ ఆపడానికీ పట్టే శ్రమ కూడా అంతకంతకూ పెరుగుతుంది. సోల్, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు 1969లో ప్రచురించిన ప్రయోగాల్లో, శరీరపు సొంత బరువులో ఒక కిలోను మోయడానికి పట్టే శక్తితో పోలిస్తే, తలపై పెట్టిన కిలోకు 1.2 రెట్లు, పాదాలకు కట్టిన కిలోకు నడక వేగాన్ని బట్టి 4.2 నుంచి 6.3 రెట్లు ఖర్చయినట్లు తేలింది. జత 1,500 గ్రాములుండే తోలు బూట్ల స్థానంలో 700 గ్రాముల జత వేసుకున్నవారికి తగ్గిన 800 గ్రాములు ఈ లెక్కన వీపు మీద నాలుగు కిలోలు దించినంత. ఈ తేడా ప్రతి అడుగులోనూ తెలుస్తుంది, అడుగుకు 70 సెంటీమీటర్ల చొప్పున చూస్తే ఈ కాలిబాట పొడవు 50 లక్షల అడుగులు.

దుకాణాల్లో ఈ తేలిక జతలను ట్రెయిల్ రన్నర్లు అంటారు. కొండదారుల్లో పరుగెత్తేవారి కోసం తయారైన వీటిని నిలువునా చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. నేలను పట్టే గాట్ల రబ్బరు అడుగు సోలు, దాని మీద ఈవీఏ అనే గాలిబుడగల ప్లాస్టిక్‌తో చేసిన మెత్తని నడిమి సోలు, ఆపైన పాదాన్ని కప్పే జాలీ గుడ్డ. కొన్నింటిలో సోళ్ల మధ్య, మొనదేలిన రాయి అరికాలికి గుచ్చుకోకుండా, పలుచని గట్టి రేకు పెడతారు. మడమ కింది ఎత్తుకూ మునివేళ్ల కింది ఎత్తుకూ ఉన్న తేడాను డ్రాప్ అంటారు. ఇది సున్నా నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఎత్తు మడమల బూట్లకు అలవాటుపడినవారు ఉన్నట్టుండి సున్నా డ్రాప్ జతకు మారి బరువుతో కొండ ఎక్కితే పిక్కలు, మడమ వెనుక స్నాయువు పట్టేస్తాయి కాబట్టి, ఆ మార్పును ఇంటి దగ్గర వారాల తరబడి, ముందు బరువు లేకుండా చేసుకోవాలి.

అయితే బూటును మాత్రమే తేలిక చేసి వీపు బరువును అలాగే ఉంచడం సగం పనే అవుతుంది. నీల్ గ్యాప్ దుకాణానికి పేరు తెచ్చిన పని కూడా ఇదే. నడిచేవారి బ్యాక్‌ప్యాక్‌లోని సామానంతా నేల మీద పరచి, ఒక్కొక్కటీ తూచి, అక్కరలేనిదాన్ని పార్సిల్ కట్టి ఇంటికి పంపించడాన్ని అక్కడ షేక్‌డౌన్ అంటారు. తిండి, నీరు, ఇంధనం తీసేయగా మిగిలే బరువును మూల బరువుగా లెక్కించి, అది 9 కిలోల లోపుంటే తేలిక అనీ, 4.5 కిలోల లోపుంటే అతి తేలిక అనీ చెప్పడం ఈ దారిలో పరిపాటి. మెత్తని నడిమి సోలు మీద 18 కిలోల బ్యాక్‌ప్యాక్ పడితే ఈవీఏ బుడగలు అణిగి, సోలు పక్కలకు ఒరిగి, అరికాలు రాళ్ల మీద అలిసిపోతుంది. కాబట్టి సామాను పరిమాణం తేలకముందే బూటు కొనడం తలకిందుల పని అనే చెప్పాలి. ఒహాయోకు చెందిన ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, 67 ఏళ్ల వయసులో, కెడ్స్ గుడ్డ బూట్లతో ఈ కాలిబాటను ఒంటరిగా పూర్తిచేసిన సంగతిని తేలిక బూట్లకు సాక్ష్యంగా తరచు చెబుతారు. ఆమె డేరా గాని, పడక సంచి గాని తీసుకోకుండా, స్వయంగా కుట్టుకున్న గుడ్డ సంచి ఒక్కటే భుజాన వేసుకుని నడిచింది కనుకనే ఆ గుడ్డ బూట్లు చాలాయన్న సంగతిని కూడా దానితో కలిపి చెప్పడం న్యాయం.

ఎంపికలో అసలు కష్టం కొలత దగ్గర ఉంది. బరువు మోస్తూ రోజంతా నడిచే పాదం ఉబ్బుతుంది, అరికాలి వంపు కొంత అణగడంతో పొడవూ వెడల్పూ పెరుగుతాయి. అందువల్ల మామూలు కొలత కన్నా అర సైజు, కొందరికి ఒక సైజు ఎక్కువ కావాలి. భారతదేశంలో బ్రిటిష్ సైజులు చెల్లుతాయి కాబట్టి, అక్కడ 8 తొడిగే పురుషుడు అమెరికాలో 9 అడగాలన్నది తెలుగువారు గుర్తుంచుకోవలసిన సంగతి. సాయంత్రం పూట, దారిలో వేసుకోబోయే మేజోళ్లతోనే, నిండు బ్యాక్‌ప్యాక్ వీపున వేసుకుని తొడిగి చూడాలి. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడితే వేళ్లు అంచు దాటుతున్నాయో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత వాలు మీద కిందికి నడిచి చూడాలి. వేలు కొనకు తగలకుండా, మడమ లేవకుండా ఉంటేనే ఆ జత సరైనది. మడమ కాస్త లేస్తే, పైనున్న చివరి రంధ్రాల జంటతో తాడును ఉచ్చులా మడిచి బిగిస్తే సరిపోతుంది. వేళ్లు తగిలితే మాత్రం ఏ ముడీ పనికిరాదు, పెద్ద జత తీసుకోవలసిందే. తక్కెడలో 50 గ్రాములు తక్కువ తూగే ఇరుకు జత కన్నా ఆ 50 గ్రాములు ఎక్కువున్న విశాలమైన జతే ఎప్పుడూ మేలు.

చీలమండ దాటి వచ్చే ఎత్తు బూట్లే కాలు మడతపడకుండా కాపాడతాయన్న నమ్మకం బలమైనదే గాని, 1993లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లపై వెలువడిన ఒక అధ్యయనంలో ఎత్తు బూట్లకూ పొట్టి బూట్లకూ మధ్య బెణుకుల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆట వేరు, బరువుతో నడక వేరు కనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోరాదు. వాటర్‌ప్రూఫ్ పొర సంగతి ఇంతకన్నా సులువుగా తేలుతుంది: పైనుంచి లోపలికి దిగిన వాననీటిని ఆ పొర బయటికి పోనివ్వదు, జాలీ గుడ్డ బూటు మాత్రం నడుస్తుండగానే ఆరుతుంది. మంచు, గడ్డకట్టే చలి లేని దారిలో జాలీ బూటు, ఉన్ని మేజోళ్లే మేలు.

వలాసీ-యీ ముందున్న ఓక్ చెట్టు కొమ్మలకు, ఇక్కడ వదిలేసిన బూట్లను తాళ్లతో ముడివేసి విసరడం ఏళ్ల తరబడి ఆచారంగా సాగింది. తేలిక జతలకు ఆ అదృష్టం కూడా లేదు, అవి దారిలోనే అరిగిపోతాయి. 500 నుంచి 800 కిలోమీటర్లు నడిచేసరికి వాటి నడిమి సోలు పక్కన ముడతలు పడి, అడుగు గాట్లు అరిగి, నడక ముగిసిన రాత్రి అరికాళ్లు సలుపుతాయి. నీల్ గ్యాప్‌లో తొడిగిన జతకు ఆ దశ వచ్చేది సుమారు 700 కిలోమీటర్ల దూరాన, వర్జీనియాలోని డమాస్కస్ అనే చిన్న ఊరు చేరేటప్పటికి. అప్పటికి పాదం ఇంకో అర సైజు పెరిగి ఉండవచ్చు కాబట్టి, దారి మొత్తానికి పట్టే ఐదు జతలూ ముందే కొని ఇంట్లో పెట్టుకోకుండా రెండో జతను అక్కడ మళ్లీ కొలిచి కొంటారు.