నలుపు బూజుది కాదు

2021 వేసవిలో మన గోదావరి సీమలో ఇంటింటా భయపెట్టిన మాట ‘బ్లాక్ ఫంగస్’. తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక పేరు దగ్గరే ఆగాను. ఆ పేరు సార్థకం కాదు. బూజు నల్లనిది కాదు. అది రక్తనాళాలలో చొరబడి నెత్తుటిని అడ్డగించగా, చచ్చిన కండ నల్లబడుతుంది. వైద్యులు పెట్టిన పేరు మ్యూకార్‌మైకోసిస్.

దాని బీజాలు మన మట్టిలో, కుళ్ళిన ఆకులలో, తడిసిన గడ్డిమేటులో అనాదిగా ఉన్నవే. వాటిని పీల్చని రైతు లేడు. ఒంట్లో కాపలా ఉన్నంతకాలం అవి ఏమీ చేయలేవు. అదుపు తప్పిన మధుమేహం, కోవిడ్ చికిత్సలో మితిమీరిన స్టెరాయిడ్లు ఆ కాపలాను పడగొట్టాయి. ఆ మే నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం ఈ వ్యాధిని ఆరోగ్యశ్రీలో చేర్చింది. యాంఫోటెరిసిన్-బి సూదిమందుకు దేశమంతటా కరవు వచ్చింది.

కోవిడ్‌కు ముందే మన దేశంలో పదిలక్షలమందికి 140 మంది దీని పాలబడుతున్నారని ఒక అంచనా. కనుక భయపడవలసింది గడ్డిమేటుకు కాదు, పరీక్ష చేయించుకోని చక్కెరకు.