దిమ్మ కదిలింది... బాధ్యత ఎవరిది?

అనకాపల్లి వచ్చినవాళ్లు నూకాంబిక అమ్మవారిని దర్శించుకుంటారు. శంకరం వెళ్లి బొజ్జన్నకొండ ఎక్కి బౌద్ధ గుహలు చూస్తారు. 2022లో జిల్లా కేంద్రమైన ఈ ఊళ్లో తప్పక చూడాల్సింది మరొకటుంది... బెల్లం మార్కెట్. దేశంలోనే రెండో పెద్ద బెల్లం మార్కెట్‌గా దీనికి పేరు. సంక్రాంతి ముందు ఓ ఉదయం అలా వెళ్లండి. వరసలు వరసలుగా దిమ్మలు. పసుపుపచ్చగా మెరిసేవి ఓ పక్క, నల్లబెల్లం మరో పక్క. రంగును బట్టే ధర.

కాసేపు నిలబడి చూస్తే, అక్కడ చేతులు మారేది బెల్లం ఒక్కటే కాదని తెలుస్తుంది. బాధ్యత కూడా! చెరకు రసం కాచి, పాకం దించి, దిమ్మలు పోసి, రైతు వాటిని యార్డుకు తెస్తాడు. దారిలో వాన పడి తడిస్తే ఆ నష్టం ఆయనదే. వేలం పాట ఖాయమై, తూకం కూడా అయ్యాక వర్తకుడి వంతు. ‘వేరే ఒప్పందం లేకపోతే సరకు ఎవరిదో నష్టమూ వారిదే’ అన్నది 1930 నాటి సరకుల అమ్మకం చట్టం చెప్పే సూత్రం. అందుకే తూకం అంత కీలకం.

ఇక్కడైతే అమ్మేవారూ కొనేవారూ ఎదురెదురుగా ఉంటారు. తేడా వస్తే అక్కడికక్కడే మాట్లాడుకోవచ్చు. మరి ఇదే దిమ్మ సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని విశాఖ ఓడరేవుకెళ్లి, ఓడెక్కి సింగపూర్ చేరాలనుకోండి. మధ్యలో సముద్రపు చెమ్మ తగిలి కరిగితే ఎవరిని అడగాలి?

ఈ తగవులు తగ్గించడానికే పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో కొన్ని ఉమ్మడి షరతులు తయారుచేసింది. వాటినే ఇన్‌కోటెర్మ్స్ అంటారు. 2020 నుంచి అమల్లో ఉన్న కూర్పులో ఇవి 11. ‘ఎక్స్ వర్క్స్’ అంటే అమ్మేవారు తమ గోదాములో సరకు సిద్ధంగా ఉంచితే చాలు, లారీకి ఎక్కించుకోవడం దగ్గర్నుంచి అంతా కొనేవారిదే. ‘డీడీపీ’ దీనికి పూర్తిగా తిరగేసింది. అవతలి దేశపు సుంకం కూడా అమ్మేవారే కట్టి సరకు చేర్చాలి. ‘ఎఫ్‌ఓబీ విశాఖపట్నం’ అని రాసుకుంటే ఇక్కడి కస్టమ్స్ పని ముగించి ఓడకెక్కించేదాకా అమ్మేవారి పూచీ, ఆ తర్వాత కొనేవారిది. కంటైనర్లకు మాత్రం ‘ఎఫ్‌సీఏ’ మేలంటారు. ఎందుకంటే కంటైనర్‌ను ఓడ రాకముందే టెర్మినల్‌లో అప్పగించేయాలి. ఎఫ్‌ఓబీ అయితే అది అక్కడ పడి ఉన్నన్నాళ్లూ నష్టభయం అమ్మినవారిదే.

అసలు చిక్కు ‘సీఐఎఫ్ సింగపూర్’తో వస్తుంది. ఇందులో ఓడ కిరాయీ బీమా రుసుమూ కట్టేది అమ్మేవారే. కాబట్టి దారిలో పాడైతే వారే చూసుకుంటారని కొనేవారు ధీమాగా ఉంటారు. కానే కాదు! సరకు విశాఖలో ఓడెక్కగానే నష్టభయం కొనేవారి మీదికి వెళ్లిపోతుంది. డబ్బు కట్టేది ఒకరు, భయం మోసేది మరొకరు!

బీమా ఉందిగా అంటారా? వేరే మాట అనుకోకపోతే అమ్మేవారు కనీస రక్షణ తీసుకుంటే చాలు. ఓడ మునగడం, తగలబడటం లాంటి పెద్ద ప్రమాదాలకే అది పనికొస్తుంది. గాలిలో తేమ పీల్చుకుని చెమర్చడం బెల్లం సహజ గుణం. సరకు సొంత గుణం వల్ల వచ్చే నష్టాన్ని మామూలు బీమా పాలసీలు ఒప్పుకోవు. అయితే, ప్రయాణానికి తగ్గట్టు ప్యాకింగ్ చేయకపోతే అమ్మినవారూ తప్పించుకోలేరు.

అంటే ధర ఎంత అన్నది సగం బేరమే. ఏ ఊళ్లో, ఏ గడప దగ్గర అప్పగింత అన్నది మిగతా సగం. మూడక్షరాల షరతు పక్కన ఊరి పేరు కూడా కచ్చితంగా రాసుకోవాలనేది అందుకే.

యార్డులో తూకం ముగిసింది. దిమ్మలు లారీ ఎక్కుతున్నాయి. రైతు ఓసారి ఆకాశంకేసి చూశాడు. మబ్బు పట్టింది. అయినా ఆయన మొహంలో దిగులు లేదు... ఆ దిగులు ఇప్పుడు లారీ పక్కన నిలబడ్డ వర్తకుడిది!