పర్వత్ పాటియాలో ఒక గది

గుజరాతీలో పాటియా అంటే పలక. రాజమార్గాన పోయేవానికి లోపలి గ్రామం కనబడదు. దాని పేరు వ్రాసిన పలక మాత్రమే కనబడుతుంది. బండి అక్కడ ఆగుతుంది, దిగినవాడు అక్కడినుండి ఊరిలోకి నడుస్తాడు. కాలక్రమాన పలక ఊడిపోయినా ఆ మలుపుకు పాటియా అన్న పేరు నిలిచిపోతుంది. మా సూరత్ నగరానికి ఆగ్నేయంగా, బార్డోలీ పోయే దారిలో ఉన్న పర్వత్ పాటియా అటువంటి మలుపే. పర్వత్ అన్నది ఊరిపేరు. పర్వతాన్ని వెదకవచ్చినవారికి నిరాశ తప్పదు. తాపీనది పరచిన ఈ చదును నేలలో మనుష్యులు కట్టుకొన్న మేడలు తప్ప వేరే ఎత్తు లేదు.

నేను పుట్టినది ఈ ప్రాంతంలోనే. మా తండ్రి సిరిసిల్ల విడిచి, మగ్గంపని వెదుక్కుంటూ షోలాపురం, భివండి తిరిగి చివరకు సూరత్ చేరినాడు. ఆ దారి ఆయన ఒక్కనిది కాదు; తెలంగాణపు పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ దారినే నడిచినవి. లింబాయత్ వీధులలో నేటికీ తెలుగు వినబడుతుంది. నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలలో బోధించే ఏడు భాషలలో తెలుగు ఒకటి. నేను మాత్రం గుజరాతీ బడిలో చదువుకొని, బట్టల మార్కెట్టులో ఒక సేఠ్ వద్ద మెహతాజీగా ముప్పది యేండ్లు పద్దులు వ్రాసినాను. ప్రతి అంకెను రెండుమారులు సరిచూచుకొనే స్వభావం నాకు అక్కడ అబ్బినది. ఆ స్వభావాన్ని నమ్ముకొనియే ఈ పనికి పూనుకొన్నాను.

2023 వర్షాకాలంలో సిరిసిల్ల నుండి మా పెదనాన్నగారి కుమార్తె ఫోను చేసినది. బావగారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఏటా బతుకమ్మ పండుగకు ముందు ఆయన సూరత్ వచ్చి, దుకాణానికి చీరలు కొని, మూటలు ట్రాన్స్‌పోర్టులో వేయించి వెళ్ళేవాడు. ఆ యేడు తానే వస్తానన్నది అక్క. దుకాణాన్ని తమకు అప్పగించి ఇంటిపట్టున ఉండమని మరదులు ఒత్తిడి చేస్తున్నారట. పండుగ సరుకు చేతికి రాకపోతే వారి మాటే నెగ్గుతుంది.

“తమ్మీ, నేను చుట్టపుచూపుకు కాదు, బేరానికి వస్తున్న. పొద్దున పోతే రాత్రికి వస్త. మీ ఇంట్ల ఇరుకు. మంచి జాగల ఒక గది చూడు,” అన్నది.

మా ఇల్లు ఇరుకన్నమాట నిజమే. రెండు గదులలో ఆరుగురం. అయినా “మా ఇంట్లోనే ఉండు” అని ఆ క్షణాన నా నోట రాలేదు. ప్రక్కన నిలుచున్న నా భార్య ఆ సంగతి గమనించినది. రాత్రి అన్నం వడ్డిస్తూ, “తొంబదినాలుగు మరచినారా?” అని మాత్రం అడిగినది.

మరువలేదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త పుట్టగానే లక్షల జనం రైళ్ళ మీద, లారీల మీద పడి నగరం విడిచినారు. మేమూ చంటిబిడ్డతో సిరిసిల్ల చేరినాము. సూరత్ నుండి వచ్చినవారంటే ఆనాడు ప్రతి ఊరిలోనూ భయమే. సొంత మేనమామ వాకిట్లోనే చాపవేసి, దూరంగా కూర్చుండి క్షేమం విచారించినాడు. అక్క వచ్చి బిడ్డను ఎత్తుకొని, “నడువుండ్రి” అని తన ఇంటికి తీసికొని పోయినది. నడిమి గది మాకు ఇచ్చి పదునెనిమిది దినాలు తాము వరండాలో పడుకొన్నారు. అటువంటి మనిషికి నేనిప్పుడు లాడ్జి వెదుకుతున్నాను.

ఇది బాటసారులకు కొత్త ఊరు కాదు. సముద్రవర్తకానికి, హజ్ యాత్రకు వచ్చేవారితో ఒకనాడు కిటకిటలాడిన రేవు. 1644లో, షాజహాను ఏలుబడిలో, ప్రయాణికుల కొరకు ఇక్కడ ఒక గొప్ప సరాయి కట్టించినారు. ఆ కట్టడంలోనే నగరపాలక సంస్థ తన కచేరీ పెట్టుకొన్నది. పన్ను కట్టడానికి వెళ్ళినప్పుడల్లా, ఒకప్పుడు ఇక్కడ పరదేశికి పడుకోవడానికి చోటు దొరికేది కదా అనుకొంటాను.

బావగారు స్టేషను ఎదుటి లాడ్జిలో దిగేవాడు. పెద్ద హాలులో వరుసగా మంచాలు. దిండు క్రింద డబ్బుసంచి. తెల్లవారితే స్నానానికి వరుస. మగవానికి అది చెల్లిపోయినది. తాపీ ఆవలి అడాజణ్ వైపు వీధులు విశాలమైనవి, హోటళ్ళు శుభ్రమైనవి. కాని మార్కెట్టుకు రానుపోను ఆటోఖర్చు చీరల లాభాన్ని తినివేస్తుంది. పైగా మంచిపేట అన్నంతమాత్రాన నీరు మర్యాద పాటించదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన వరదకు ఆ అడాజణ్, రాందేర్ ప్రాంతాలే నిలువునా మునిగినవి.

పర్వత్ పాటియా అన్నివిధాలా నా మనస్సుకు కుదిరినది. స్టేషను అయిదారు కిలోమీటర్లు. రింగురోడ్డు మార్కెట్లు ఒకవైపు, సారోలి వైపు వెలసిన కొత్త మార్కెట్లు మరొకవైపు. రెండింటికీ నడుమ ఈ కూడలి. రాత్రి పది దాటినా అంగళ్ళు తెరచి ఉంటవి, ఆడవారు స్కూటర్ల మీద తిరుగుతూ ఉంటారు. మా ఇంటికి నడిచి పోవచ్చును. లోపమొక్కటే. ఈ వైపు తాపీ కంటె ఖాడీల బాధ ఎక్కువ. మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్, పర్వత్ వీధులలోకి మురికినీరు వచ్చి చేరుతుంది. అందుచేత లాడ్జి వానిని కాక, ఎదుటి టీ అంగడివానిని అడిగినాను, నీరు ఎంతవరకు వస్తుందని. అతడు తన పొయ్యి పెట్టుకొన్న ఇటుకల తిన్నెను చూపి, “దీనికి బెత్తెడు క్రిందివరకు. ఎదుటి మెట్లు ఎక్కలేదు, కాకా,” అన్నాడు. తాను నష్టపడేవాడు చెప్పిన కొలత గనుక నమ్మినాను.

మొదట చూచిన లాడ్జిని మెట్లవద్దనే విడిచిపెట్టినాను. ఉన్నది ఒకే మెట్లదారి. దానిలో సగం బట్టలమూటలు. 2019 మే 24న సర్థాణాలో ఒక వాణిజ్యభవనం అంటుకొన్నప్పుడు, పైన చదువుకొంటున్న పిల్లలు దిగే దారిలేక కిటికీలనుండి దూకినారు. ఇరువదిద్దరు పోయినారు. అది మొదలు ఏ మేడ ఎక్కినా దిగడానికి రెండవదారి ఎక్కడ అని నా కన్ను వెదుకుతుంది.

రెండవ లాడ్జిలో రెండు మెట్లదారులు ఉన్నవి. గుమాస్తా మర్యాదస్థుడే. వచ్చేది ఎవరని అడిగినాడు. మా అక్క అన్నాను. వెంట ఎవరన్నాడు. ఎవరూ లేరన్నాను. అతడు కలము క్రిందపెట్టి, ఒంటరి స్త్రీకి గది ఇవ్వడం తమ అలవాటు కాదన్నాడు. అరువది దాటిన మనిషి అని చెప్పినాను. వయస్సు ఎంతైనా స్త్రీ స్త్రీయే కదా కాకా అని చిరునవ్వు నవ్వినాడు. ఆమె రక్షణ కొరకే ఈ నియమమట! దారిలో ఉన్న స్త్రీకి తలుపు మూయడం ఏ విధమైన రక్షణయో నాకు బోధపడలేదు.

మూడవచోట, గుర్తింపుకార్డు నకలు ఇచ్చి, నేను బంధువునని సంతకం పెడితే గది ఇస్తామన్నారు. టీ అంగడికి ఎదురుగా ఉన్నది ఈ లాడ్జియే. మొదటి అంతస్తు, వీధివైపు కిటికీ, ఎత్తైన మెట్లు, వెనుక ఇనుపమెట్లదారి. పంపు తిప్పి నీరు చూచినాను. దీపాలు వేసి చూచినాను. పరుపు ఎత్తి చూచినాను. బయానా ఇచ్చి, పద్దు కుదిరిన మెహతాజీ వలె తృప్తిగా ఇంటికి వచ్చినాను.

అక్క వరంగల్లులో నవజీవన్ ఎక్కి వచ్చినది. సామాను ఒక చేతిసంచి. డబ్బు నడుముకు కట్టుకొన్న గుడ్డసంచిలో. గది చూచి, “మంచిగున్నది” అన్నది. ఆదివారం మార్కెట్టు ఉండదని ముందే చెప్పి సోమవారానికి రప్పించినాను గనుక మూడు దినాలూ పని సాగినది. దుకాణాలలో ఆమె వెంట తిరిగినాను. బావగారితో బేరమాడిన వర్తకులు మొదట నా ముఖం చూచి ధర చెప్పినారు. రెండవ గంటకు ఆమె ముఖం చూచి చెప్పసాగినారు. చీర అంచును చెవివద్ద నలిపి, ఆ చప్పుడునుబట్టి నూలు నాణ్యం చెప్పే విద్య ఆమెకు పుట్టుకతో వచ్చినది. పద్దులు వ్రాసిన ముప్పది యేండ్లలో నాకది పట్టుబడలేదు. బుధవారం సాయంకాలం మూటలు ట్రాన్స్‌పోర్టుకు చేరినవి, రసీదు చేతికి వచ్చినది.

ఆ రాత్రి మా ఇంట భోజనం. నా భార్య జొన్నరొట్టెలు చేసినది. మాటలమధ్య, నేను గది ఎట్లా వెదికినానో, ఖాడీ నీటికొలత, మెట్లదారి, అన్నీ ఏకరువు పెట్టినాను. అక్క శ్రద్ధగా విన్నది. తరువాత నెమ్మదిగా, “అన్నీ చూసినవు తమ్మీ. తలుపు గడియ చూడలె,” అన్నది.

గడియ ఉన్నది, కాని అది పోయి దూరే కొండి విరిగి ఉన్నది. బయటి తాళానికి లోపం లేదు, దాని రెండవ తాళపుచెవి గుమాస్తా వద్ద ఉన్నది. మూడు రాత్రులు ఆమె కుర్చీని తలుపుకు ఆనించి, కుర్చీపైన ఇత్తడిచెంబు పెట్టి, డబ్బుసంచి విప్పకుండా పడుకొన్నదట. ఎవరూ రాలేదు. తలుపు ఎవరూ ముట్టలేదు. “అయినా నిద్ర పట్టాలె గద,” అన్నది.

మొదటినాడే నాకెందుకు చెప్పలేదని అడిగినాను.

“చెప్తే నన్ను మీ ఇంటికి తెస్తవు. మీరంత వసారల పండుతరు.”

నా భార్య రొట్టెను పెనంమీద తిప్పుతూ నావైపు చూడలేదు. నేను చంటిబిడ్డతో పడుకొన్న ఆ సిరిసిల్ల గది గుర్తుకు వచ్చినది. దానికి తలుపు ఉండెనో లేదో కూడా నాకు జ్ఞాపకం లేదు. ఆ పదునెనిమిది రాత్రులలో ఎన్నడూ తలుపువైపు చూడవలసిన అవసరం కలుగలేదు.

2024లో ఆమె మళ్ళీ వచ్చినది. ఈమారు నా భార్య మా ఇంటనే దిగవలసినదని పట్టుబట్టినది, నేనూ నోరువిప్పి పిలిచినాను. అక్క ఒప్పుకోలేదు. అర్ధరాత్రివరకు దీపం పెట్టుకొని లెక్క చూచుకోవాలట. ఆ గదియే కావాలట. టీ అంగడివాడు తనను గుర్తుపడతాడట. ఆమె వచ్చే ముందునాడు ఒక కొత్త గడియ, కొండి, ఎనిమిది మరమేకులు కొనుక్కొని పాటియాకు పోయినాను. గుమాస్తావద్ద ముక్కాలిపీట అడిగి తీసికొని, తలుపుకు నా చేతితోనే బిగించినాను. మూయగా తెరువగా చప్పుడు గట్టిగా వినబడినది. గుమాస్తా గుమ్మంలో నిలుచుండి అంతా చూచి, “ప్రక్కగదికి కూడా ఒకటి తెచ్చినారా, కాకా?” అని అడిగినాడు.