‘రక్త చరిత్ర’ రెండోసారి

పరిటాల రవి, మద్దెలచెరువు సూరిల పగ ఆధారంగా రామ్ గోపాల్ వర్మ తీసిన ‘రక్త చరిత్ర’ రెండు భాగాలూ 2010లో ఆరు వారాల తేడాతో వచ్చాయి. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. బుక్కారెడ్డిగా అభిమన్యు సింగ్ కనిపిస్తే చాలు, హాస్టల్ బ్యాచంతా ఈలలు.

మొన్న నరసరావుపేటలో, మా ఇంట్లో, రెండూ వరసగా చూశాను. బుక్కారెడ్డి ఇప్పటికీ భయపెడతాడు గానీ కాసేపటికి ఆ అరుపులు అలవాటైపోతాయి. ప్రతాప్ రవిగా వివేక్ ఒబెరాయ్ మాట్లాడకుండా ఉన్నప్పుడే బాగున్నాడు. రెండో భాగంలో సూర్య కోపమంతా కళ్లలోనే.

ఈసారి నన్ను పట్టుకున్నది మాత్రం ప్రియమణి. మొగుడు జైల్లో ఉంటే బయట మిగిలిపోయిన భవాని.

బాంబుల మోత విని “ఆపరా అది” అంది అమ్మ వంటింట్లోంచి. 2024 మే 13 పోలింగ్ తర్వాత ఇక్కడ 144 సెక్షన్ పెట్టినప్పుడు, బయటికెళ్లిన నాన్న తిరిగొచ్చేదాకా ఆవిడ గడప దిగలేదు, కూర్చోలేదు. ప్రియమణి మొహంలో నాకు కనిపించింది ఆ నిలబడటమే. కత్తులకిచ్చినంత టైం వర్మ ఆమెకివ్వలేదు.

ఆయన్నని ఏం లాభం? అప్పట్లో ఆమె సీన్లు రాగానే మేమంతా సమోసాలకని బయటికెళ్లాం.