ఇంగువ లేని పులిహోర

సీలియాక్, అంటే గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు, ఉన్న మా పిల్లకి బాక్సు కట్టడం మనకేం కష్టం, అన్నం తినేవాళ్లమే కదా అంటారు చుట్టాలు. సగం నిజమే. ఇడ్లీ, పెసరట్టు, దద్దోజనం, జొన్నరొట్టె, వేటిలోనూ గోధుమ ఊసే లేదు. బొంబాయి రవ్వ ఉప్మా మానేసి బియ్యపు రవ్వతో ఉప్పుడు పిండి చేస్తే, నన్నడిగితే, అదే రుచి.

చిక్కంతా పులిహోర దగ్గరే. కొట్లో దొరికే పొడి ఇంగువల్లో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. డబ్బా తిప్పి చీమతలకాయంత అక్షరాలు చదవాలి. బియ్యప్పిండి కలిపింది దొరక్కపోతే ఇంగువ లేకుండానే తాలింపు. ‘అదీ ఒక పులిహోరేనా’ అంటారు మా అత్తగారు. అంటూనే మారు వడ్డించుకుంటారు.

గ్లూటెన్ రహితమని ముద్ర వేయాలంటే అది కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చపాతీలు చేసిన పీట మీద మా పిల్ల రొట్టె తట్టకూడదు. జల్లెడ, పెనం, అప్పడాలకర్ర అన్నీ వేరే. మడి కట్టుకున్నట్టే.

నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు విల్లెం డికె 1950లో తన థీసిస్‌లో ఈ జబ్బుకి గోధుమే కారణమని వేలు పెట్టి చూపించాడు. అంతకుముందు తల్లులు ఏం పెట్టాలో తెలీక ఎంత అల్లాడి ఉంటారో!

బళ్లో పిల్లలు ఒకరి బాక్సులో ఒకరు చేయి పెడతారు. చపాతీ తుంచిన చేయి మా పిల్ల డబ్బాలో పడితే ఆ పూట తిండి పోయినట్టే. పంచుకోవద్దని ఏ నోటితో చెప్పను? అందుకే స్నేహితుల కోసం ఇంకో చిన్న డబ్బాలో బియ్యప్పిండి జంతికలు పెడుతున్నాను. అవి మాత్రం రోజూ చాలట్లేదట.